మధ్యలో ఆగిన దిష్టి

పిడికెడు ఉప్పు, ఎండు మిరపకాయలు ఐసొలేషన్ గది నేల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఆ వెంటనే నర్సు మోదకొండమ్మ చెంప పేలింది.

తల వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఎడమ చెవిలో హోరు. నిలదొక్కుకునేలోపే నానాజీ ఆమె గౌను గొంతు దగ్గర పట్టుకుని గుంజాడు. మంచం మీదున్న సూర్యనారాయణ కొడుకు అతను. మునగపాకలో వాళ్ళకి చెరకు తోటలున్నాయి, బెల్లం గానుగ ఉంది, వెనక పదిమంది మనుషులున్నారు.

"మా అమ్మ సెయ్యి పట్టుకుంటావా? ఎవుర్తివే నువ్వు? కొండ దిగొచ్చి మా అమ్మ సెయ్యి పట్టుకునేపాటిదానివా?"

"బయటికి పదండి. ఇది స్వైన్ ఫ్లూ గది. అందరూ బయటికి..."

"కరోనాకే సావనోళ్ళం. నీ పందిజొరానికి సత్తామేటే?"

చెయ్యి చాపి ఆమె ముఖం మీది మాస్కు పీకేశాడు. తాడు తెగుతూ చెవి వెనక చర్మం చీల్చింది.

"ఈ గుడ్డెనకాల దాక్కుని కాదు. మొకం సూపించి మాటాడు!"

కొండమ్మ మాట్లాడలేదు. ఊపిరి బిగబట్టింది. అడుగు దూరంలో సూర్యనారాయణ ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగేసుకుని, గుండెలు ఎగిరిపడేలా దగ్గుతున్నాడు. ఆ గదిలో గాలి ఎలాంటిదో ఆమెకి తెలుసు. మోచెయ్యి మడిచి ముక్కూ నోరూ అందులో దాచుకుంది. గుమ్మంలో మూగిన చుట్టాలకి అది ఏడుపులా కనిపించింది. "ఏడు, బాగా ఏడు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఆమె ఏడవడం లేదు. చిన్నమ్మలు కుడి చేతినే చూస్తోంది.

చిన్నమ్మలు సూర్యనారాయణ భార్య. పొద్దున్నుంచి గుమ్మం బయట కూర్చుని "ఒక్కపాలి దిస్టి తీసీనియ్యమ్మా" అని బతిమాలుతూనే ఉంది. కొండమ్మ కుదరదంది. సిరంజి కోసం పక్కకి తిరిగిన క్షణంలో ఆమె తెర తప్పించుకుని లోపలికి వచ్చేసింది. పిడికిట్లో ఉప్పూ మిరపకాయలూ పెట్టి భర్త తల చుట్టూ తిప్పింది. పిడికిలి ఆయన నోటి దగ్గర పెట్టి "థూ అను మావా" అంది. ఆయన ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు. మూడోసారి దగ్గు తెరతో పాటు చేతినిండా పడుతుంటే కొండమ్మ పరుగున వచ్చి ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పిడికిలి విడిపోయింది.

అంతే జరిగింది.

"వదలండి బాబూ, ఆడపిల్లండీ" అంటూ వార్డు బాయ్ అప్పారావు తడిగుడ్డ కర్రతోనే మధ్యలో దూరాడు. నానాజీ కొండమ్మని వదిలి సెలైన్ స్టాండు అందుకున్నాడు. ఇనుప కడ్డీ అప్పారావు నడినెత్తిన పడిన చప్పుడు, పచ్చి కొబ్బరికాయ కొట్టినట్టుంది. అప్పారావు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నెత్తురు కనుబొమల మీదుగా కారి నేల మీది ఉప్పులో కలిసింది.

ఆ నెత్తురు చూశాక చుట్టాలు వెనక్కి తగ్గారు. ఇద్దరు నానాజీని బయటికి లాక్కుపోయారు.

చిన్నమ్మలు కదలలేదు. తడిసిన చేతిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. అదే చేత్తో భర్త మూతి తుడిచింది. అదే చేత్తో తన కళ్ళు తుడుచుకుంది.

"చెయ్యి కడుక్కోమ్మా" అంది కొండమ్మ మోచేతి వెనకనుంచి. మాస్కు పోయాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

చిన్నమ్మలు ఆమె వైపు తిరిగింది. కోపం లేదు. భయం ఉంది.

"మజ్జిలో ఆపీసినావు తల్లీ. మజ్జిలో ఆగిన దిస్టి ఊరుకోదు. మా ఇంట్లో ఎవులి మీద పడతాదో ఏటో."

*

మర్నాడు పొద్దున్నే సూర్యనారాయణ పోయాడు. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండని చేర్చిన రోజే చెప్పినా, ఇంటికి దగ్గరని వాళ్ళు అనకాపల్లి నుంచి కదల్చలేదు.

ఎండెక్కేసరికి ట్రాక్టరు తొట్టెలో మనుషులు దిగారు. చెరకు కొట్టే కత్తులు, గడకర్రలు. ముందు అద్దాల తలుపు పోయింది. తర్వాత మందుల షాపు, నీళ్ళ యంత్రం, గోడ మీది టీవీ. కాన్పై పడుకున్న ఆడవాళ్ళు పసిగుడ్డుల్ని పొదువుకుని మంచాల కింద దూరారు.

"కొండమ్మేదిరా? ఆ కొండదాన్ని బయటికి లాగండి!"

కొండమ్మ, మరో నర్సు కుమారి ఎక్స్‌రే గదిలో ఉన్నారు. సీసపు రేకు వేసిన తలుపు కాబట్టి నిలిచింది. ఒక్కో దెబ్బకీ గడియ ఎగురుతోంది. కుమారి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కొండమ్మ బీరువాని తలుపుకి అడ్డంగా నెట్టి వీపు ఆనించి నిలబడింది. కత్తి మొన ఒకటి తలుపు చెక్కని చీల్చుకుని భుజం పక్కన రెండంగుళాలు లోపలికి వచ్చింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది.

పోలీసు జీపు చప్పుడు వినబడ్డాకగానీ ఆ కత్తి రావడం ఆగలేదు.

ఆసుపత్రి యజమాని డాక్టర్ జగదీశ్వరరావు సాయంత్రం ఆమెని గదికి పిలిచాడు. కుర్చీలో గాజు పెంకులు దులుపుకుని కూర్చున్నాడు.

"ఫ్లూ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానండి. నిన్ననే మొదలెట్టాను. కుమారికీ, అప్పారావుకీ కూడా ఇచ్చాను."

"మంచిది. ఇదిగో చూడమ్మా. వాళ్ళతో మనం పడలేం. రాజీకి వస్తామంటున్నారు. కెమెరాలో ఏం పడలేదు, అది పాడైపోయి నెలయింది. ఎవరైనా అడిగితే తోపులాట జరిగిందని చెప్పు, చాలు."

"నన్ను చెంప మీద కొట్టాడండి."

"తెలుసు."

"మీరు తెలుసంటే చాలదండి. స్టేషన్లో చెప్పాలి."

డాక్టర్ కిటికీ వైపు చూశాడు. అక్కడ అద్దం లేదు. "నేను కిందున్నాను కదమ్మా. చూడలేదు."

అప్పారావు నెత్తికి కట్టుతో వరండాలో పడుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చోగానే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"కాలు జారి పడిపోనానని రాయించీసేను సిస్టరమ్మా. మా ఇల్లు మునగపాక రోడ్డులోనే. రోజూ ఆళ్ళ గానుగ ముందు నుంచే సైకిలెల్లాల."

కొండమ్మ అతని కట్టు సరిచేసి లేచింది. ఒక్కతీ స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. ఎస్సై మర్యాదగానే విన్నాడు. చివర్న ఒకటే అడిగాడు.

"మిమ్మల్ని కొట్టడం చూసినవాళ్ళు ఎవరున్నారు సిస్టర్?"

గది నిండా జనం. చూడనివాడు లేడు. చెప్పేవాడు లేడు. ఎవరో ఒక్కరు, ఎవరైనా ఒక్కరు, 'అవును, కొట్టాడు, నేను చూశాను' అంటే చాలు. చెంప మీది వాపు ఎలాగూ తగ్గిపోతుంది. ఆ మాట ఎవరూ అనకపోతే ఆ దెబ్బ అసలు పడనట్టే అయిపోతుంది. రేపు కుమారి చెంప మీద మరొకడి చెయ్యి లేస్తుంది.

"చూసుకుంటాం" అన్నాడు ఎస్సై. నానాజీ తండ్రికి కొరివి పెట్టి అటునుంచటే పోలీసుల కంట పడకుండా తిరుగుతున్నాడు.

*

కొండమ్మకి కోపంతో మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. అయినా కళ్ళు మూస్తే కనిపించేది నానాజీ చెయ్యి కాదు, చిన్నమ్మలు చెయ్యి. ఆ చెయ్యి ఇంటికెళ్ళి ఏం ముట్టుకుంది? ఎవరికి అన్నం కలిపి పెట్టింది?

పేషెంటు చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. ఆడగొంతు పలికింది.

"అత్తమ్మ పడుకున్నాదండి. నేను కోడల్ని, లావణ్యని."

అంటూనే దగ్గింది. పొడి దగ్గు, ఆగకుండా.

"నీకు జ్వరం వస్తోందా లావణ్యా?"

"రెండ్రోజుల బట్టి వళ్ళు పేలిపోతన్నాదండి. మాయ్య పోనాడు కదా, ఏడిసేడిసి అనుకున్నాను. ఏడో నెలండి నాకు. అత్తమ్మే ముద్దలు సేసి నోట్లో పెడతన్నాది."

కొండమ్మ గొంతు పెంచింది. "విను. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జ్వరం మంచిది కాదు. ఇప్పుడే, ఈ పూటే మాత్ర మొదలెట్టాలి. ఆశా కార్యకర్తని పంపిస్తాను..."

ఫోన్ ఎవరో లాక్కున్నారు.

"ఒలే." నానాజీ గొంతు బొంగురుపోయి ఉంది. "మాయయ్యని తినీసేవు. ఇప్పుడు నా పెళ్ళాం మీద పడ్డావేటి? ఇంకోపాలి ఫోన్ సేసేవంటే నీ నాలిక కోసి గానుగలో ఎడతాను."

ఆశా కార్యకర్త దేముడమ్మ వెళ్ళనే వెళ్ళింది. వాకిట్లోనే దుడ్డుకర్రతో కొట్టి తరిమారు. ఆమె చేతిలోని మాత్రలు కాలవలోకి విసిరేశారు. మోచెయ్యి విరిగి దేముడమ్మ ఇదే ఆసుపత్రికి వచ్చింది. కట్టు వేయించుకుంటూ ఒకటే మాట: "కాలవలో కప్పలకి ఇంక జొరాలు రావు సిస్టరూ. మనుసులకే వత్తాయి."



*

కశింకోటలో ఆమె అద్దె గది. షేర్ ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా తెల్ల కారు వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. వెనక తలుపు తెరుచుకోవడం, జడ పట్టుకుని ఎవరో లోపలికి ఈడ్చడం ఒక్కసారే జరిగాయి. అరవబోతే బరువైన అరచెయ్యి నోరు మూసింది. ఆమె కొరికింది. పక్కటెముకల్లో గుద్దు పడింది. ఊపిరి అందక కళ్ళు బైర్లు కమ్మాయి. బయట టీ కొట్టు దగ్గర మనుషులు చూస్తూనే ఉన్నారు.

కారు మునగపాక రోడ్డెక్కింది. ఇరువైపులా చెరకు.

నడుపుతున్న కుర్రవాడు అద్దంలోంచి మాటిమాటికీ ఆమెని చూస్తున్నాడు. వాడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పక్కనున్న మొరటువాడు ఆమె చెయ్యి మెలిపెట్టే ఉంచాడు.

ఊపిరి కూడదీసుకుని కొండమ్మ అద్దంలో వాడి కళ్ళలోకే చూస్తూ అడిగింది. "ఎవరికి ఎక్కువైంది? లావణ్యకా?"

కుర్రవాడు తలూపాడు. "మా అప్పండి. నేను తమ్ముణ్ణి, త్రినాథుని. రాత్తిరి కాడినుంచి ఊపిరాడతం నేదండి."

"నూటెనిమిదికి ఎందుకు చెయ్యలేదు?"

"బావ వద్దన్నాడండి. ఆస్పత్రికెల్తే పోలీసోళ్ళు బావ కోసం కాసుక్కూకుంతారంట. మిమ్మల్నే అట్టుకొచ్చీమన్నాడు."

"నోర్ముయ్యరా" అన్నాడు మొరటువాడు.

"నా సంచీ ఏది?"

"కాళ్ళకాడ ఉన్నాదండి."

కొండమ్మ కాలితో సంచీ తడిమింది. మాస్కులు, గ్లౌజులు, శానిటైజరు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, మాత్రల స్ట్రిప్పులు. కుడిచెయ్యి మెలిపెట్టి ఉంది కాబట్టి ఎడమచేత్తో ఒక మాస్కు తీసి పెట్టుకుంది. ఇంకోటి ముందుకి చాపింది.

"పెట్టుకో త్రినాథ్. ముక్కు మీద నొక్కు. ఆ, అలాగ."

వాడు పెట్టుకున్నాడు.

*

బెల్లం గానుగ చెరకు తోట మధ్యలో, రోడ్డుకి కనపడకుండా ఉంది. నానాజీ దాక్కున్నది అక్కడే. ఇంట్లో మైల ఉన్నా కోసిన చెరకు ఆగదు. కూలీలు పెద్ద పెనంలో పాకం కాస్తున్నారు. పొయ్యి కింద ఎండిన పిప్పి భగభగ మండుతోంది. తీపి ఆవిరితో పాక అంతా ఉడుకుతోంది.

పిప్పి గుట్ట పక్కన నులకమంచం. దాని మీద లావణ్య. పెదవులు నేరేడు రంగుకి తిరిగాయి. చిన్నమ్మలు మంచం పక్కన కూర్చుని తడి తువ్వాలుతో ఆమె ముఖం తుడుస్తోంది. అదే తువ్వాలుతో తన ముఖం తుడుచుకుంది. నానాజీ ఒక చెంబుతో నీళ్ళు తాగి అదే చెంబు పెళ్ళానికి అందించాడు. అతనూ దగ్గుతున్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. చేతిలో చెరకు కత్తి.

కొండమ్మ ఎవరినీ పలకరించలేదు. గ్లౌజులు తొడుక్కుంది. లావణ్య వేలికి మీటరు తగిలించింది. అంకె తొంభైకి చాలా కిందే ఆగిపోయింది. ఒక మాత్ర మింగించి, ముఖానికి మాస్కు కట్టి, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టింది.

"ఇక్కడ నేను చేయగలిగింది ఇంతే. ఆక్సిజన్ పెట్టాలి. ఇప్పుడే బయల్దేరాలి. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ, బిడ్డా ఇద్దరూ దక్కరు. త్రినాథ్, కారు ఇటు తిప్పు."

"ఆగు." కత్తి ఆమె గడ్డం కిందికి వచ్చింది. "ముందల ఎస్సైకి ఫోన్ సెయ్యి. కొట్టనేదని సెప్పు. కేసు వద్దని సెప్పు. అప్పుడు అందరం కలిసి ఎల్దాం, మారాజుల్లాగ."

"నీ భార్య పోతోంది నానాజీ."

"అందుకే బేగి సెయ్యమంతన్నాను."

కూలీలు తెడ్లు వదిలేసి ఒకరి వెనక ఒకరు చెరకులోకి జారుకున్నారు. పాకం తిప్పేవాళ్ళు లేక పెనంలో బుడగలు పెద్దవై పగిలాయి. త్రినాథ్ అక్క దగ్గరికి పరిగెత్తబోతే మొరటువాడు కడుపులో తన్నాడు. వాడు రెండుగా మడుచుకుపోయి పిప్పిలో పడ్డాడు.

"కేసు తియ్యను" అంది కొండమ్మ. "నీ భార్యని తీసుకెళ్తాను. అది వేరు, ఇది వేరు. దీనికీ దానికీ ముడిపెట్టకు."

నానాజీ కత్తి జారవిడిచి ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. పెనం దగ్గరికి ఈడ్చాడు. ఆమె కాళ్ళు మట్టిలో గీతలు పెట్టాయి. అరచెయ్యి పాకం మీదికి వచ్చింది. ఆవిరికి గ్లౌజు ముడుచుకుని చర్మానికి అంటుకుంది.

"ఈ సెయ్యేనా మాయమ్మని అట్టుకున్నాది? సెప్పు. ఫోన్ సేత్తావా, ముంచీమంతావా?"

బుడగ పగిలింది. సలసల కాగే చుక్కలు మణికట్టు మీద చిందాయి. కొండమ్మ కేక చెరకు తోట దాటి వినిపించింది.

తర్వాతి చప్పుడు ఆమెది కాదు.

పాకం తిప్పే నిలువెత్తు తెడ్డు చిన్నమ్మలు చేతుల్లో ఉంది. మొదటి దెబ్బ కొడుకు భుజం మీద పడింది. వేడి పాకం అంటిన చెక్క చొక్కాకి అతుక్కుని చర్రుమంది. నానాజీ పట్టు వదిలేసి వెనక్కి తిరిగాడు. రెండో దెబ్బ మోకాలి వెనక. పడ్డాడు. మొరటువాడు ముందుకి రాబోయి, ఆ ముసలిదాని కళ్ళు చూసి ఆగిపోయాడు. అటునుంచటే చెరకులోకి లగెత్తాడు.

"అమ్మా! నన్నా?"

"నిన్నేరా." మూడో దెబ్బ. "మీ అయ్యని పట్టుకెల్లి విశాఖలో ఎట్టమంతే ఇన్నావా? మాత్తర్లు ఇత్తే కాలవలో పోసేవు. ఇదిగో నీ పెళ్ళాం, నీ బిడ్డ. ఇంకేటి కావాలిరా నీకు? నేనూ సావాలేటి?"

నాలుగో దెబ్బ కొట్టలేకపోయింది. తెడ్డు పడేసి ఆయాసపడుతూ నిలబడింది. నానాజీ పిప్పి మీద పొర్లుతూ దగ్గాడు. లేవడానికి అతనిలో సత్తువ లేదు. జ్వరం ఎప్పుడో తోడేసింది.

త్రినాథ్ కడుపు పట్టుకునే లేచి అక్కని చేతుల మీదికి ఎత్తుకున్నాడు. పాక గుమ్మంలో చిన్నమ్మలు అడ్డంగా నిలబడింది.

"దిస్టి తియ్యకుండా నా కోడలు ఈ గుమ్మం దాటదు."

"అత్తా!" అని అరిచాడు త్రినాథ్.

"నీకు తెల్దు, ఊరుకోరా. ఆ పూట మజ్జిలో ఆగిపోనాది. అదే దీన్ని అట్టుకున్నాది. తియ్యకుండా కదిల్తే దారిలోనే పోతాది." ఆమె కొండమ్మ వైపు తిరిగింది. గొంతు దిగిపోయింది. "నేను తియ్యకూడదమ్మా. మైలలో ఉన్నాను, పసుపూ కుంకం పోనాయి. ఇక్కడ ఆడమనిసివి నువ్వొక్కర్తివే. నువ్వు తియ్యి."

కొండమ్మ మణికట్టు మంటలో ఉంది. ఒక్క క్షణం ఆ ముసలిదాన్ని పక్కకి తోసెయ్యాలనిపించింది. తోస్తే దారి దొరుకుతుంది. మొన్న గదిలో కూడా పట్టుకుని ఆపితే ఆగుతుందనుకుంది.

ఆమె పుట్టిన కొండ ఊళ్ళో జ్వరాలొస్తే దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి, దాని ముందు కోడిని కోసేవారు. కంప వేసేది రాకపోకలు ఆపడానికేనని నర్సింగులో చేరాకే ఆమెకి అర్థమైంది. కానీ ఆ కోడి లేకుండా ఊరు కంప వెయ్యనిచ్చేది కాదు.

"ఉప్పెక్కడుంది?" అంది.

కూలీల అన్నం గిన్నెల దగ్గర ఉప్పు డబ్బా, మిరపకాయలు దొరికాయి. కొండమ్మ ఎడమచేతి గ్లౌజు మార్చి కొత్తది తొడిగింది. పిడికిలి బిగించి లావణ్య తల చుట్టూ తిప్పింది. అమ్మ తిప్పినట్టే, నోట్లో గొణుక్కుంటూ: ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి.

"థూ అనాల" అంది చిన్నమ్మలు.

"అంటుంది. మాస్కు తియ్యక్కర్లేదు. ఉమ్మక్కర్లేదు. అమ్మవారికి మాట చాలు. లావణ్యా, మాస్కులోంచే థూ అను."

లావణ్య కళ్ళు తెరవకుండానే మూడుసార్లు ఊపిరంత శబ్దం చేసింది. కొండమ్మ పొయ్యి అవతలి మూతి దగ్గరికి వెళ్ళి పిడికిలి మంటల్లోకి విసిరింది. గ్లౌజు కూడా తీసి అందులోనే పారేసింది. ఉప్పు చిటపటలాడింది. ముగ్గురూ ఘాటు కోసం చూశారు. పొగగొట్టం లాగేసిందో ఏమో, రాలేదు.

"సూసేవా" అంది చిన్నమ్మలు గుసగుసగా. "ఎంత దిస్టో!"

"చూశాను. ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెయ్యాలి. చేతులు కడుక్కో. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా. ఆ తువ్వాలు పొయ్యిలో వెయ్యి. ఈ మాస్కు కట్టుకో."

చిన్నమ్మలు తొట్టి దగ్గర కూలీల సబ్బుముక్కతో చెప్పినట్టే కడుక్కుంది, గోరుగోరునా. కడుక్కున్న చేతుల్తో వచ్చి కొండమ్మ కాలిన మణికట్టు పట్టుకుంది. మెల్లగా పట్టుకుని, తొట్టిలోంచి చల్లటి నీళ్ళు ముంచి దాని మీద పోసింది. మళ్ళీ ముంచి పోసింది. ఏమీ అనలేదు.

కారెక్కే ముందు కొండమ్మ వెనక్కి తిరిగి ఒక మాస్కూ, ఒక మాత్రల స్ట్రిప్పూ నానాజీ గుండెల మీదికి విసిరింది.

"పొద్దునొకటి, రాత్రొకటి. ఊపిరాడకపోతే నూటెనిమిదికి చెయ్యి. పోలీసులకి భయపడి చావకు. నువ్వు బతికి స్టేషన్‌కి రావాలి."

*

లావణ్యకి అనకాపల్లిలో ఆక్సిజన్ పెట్టి అప్పటికప్పుడు విశాఖ పంపారు. కొన్నాళ్ళకి త్రినాథ్ ఫోన్ చేశాడు. "ముక్కులో గొట్టం తీసీసేరండి. కడుపులో గుంటడు తన్నతన్నాడంట." వాడి నవ్వు వెనక దగ్గు లేదని కొండమ్మ ముందు గమనించింది.

నానాజీ అంబులెన్సులోనే బయటికి వచ్చాడు. జ్వరం తగ్గాక పోలీసులు స్టేషన్‌కి తెచ్చారు. ఎస్సై కబురు పెడితే కొండమ్మ వెళ్ళింది, మణికట్టుకి కట్టుతో. డాక్టర్ జగదీశ్వరరావు కూడా వచ్చాడు.

"వాళ్ళ కోడల్ని బతికించావు. వాళ్ళూ కృతజ్ఞతతో ఉన్నారు. ఇదే మంచి సమయం కొండమ్మా. గానుగలో సంగతీ, ఆసుపత్రి సంగతీ అన్నీ కలిపి ఒక్క దండం పెట్టించేస్తాను. సరేనా?"

బల్లకి అవతల నానాజీ తల దించుకుని కూర్చున్నాడు. చుట్టాల పెద్దలు నలుగురు నిలబడి ఉన్నారు. కారులోకి లాగడం టీ కొట్టు దగ్గర ఎవరూ చూడలేదట. గానుగలో కూలీలు ఆ రోజు పనికే రాలేదట. ఇంక ఎవరు చెబుతారు? కొండమ్మ మొదటిసారి గుమ్మం వైపు చూసింది. దండం తీసుకుని ఇంటికెళ్ళిపోవచ్చు.

గుమ్మంలో తెల్ల చీర కనిపించింది. చిన్నమ్మలు ముఖానికి మాస్కు ఉంది. ముక్కు మీద నొక్కి సరిగ్గా పెట్టుకుంది.

ఎస్సై కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. ఆ రోజు ఆసుపత్రిలో సిస్టరే మిమ్మల్ని తోసిందని మీవాళ్ళంటున్నారు. తోపులాటలో ఆమెకి దెబ్బ తగిలిందట. అంతేనా?"

చిన్నమ్మలు కూర్చోలేదు. కొడుకు తలెత్తి చూశాడు. ఆమె కొడుకునే చూస్తూ చెప్పింది.

"తొయ్యనేదు బాబూ. ఈవిడి నా సెయ్యి అట్టుకున్నాది. నా కొడుకు ఈవిడి సెంప మీద కొట్టేడు. మూతి మీది గుడ్డ పీకేడు. ఆ అప్పారావు నెత్తి పగలగొట్టేడు. గానుగలో ఈవిడి సెయ్యి పెనం మీద ఎట్టేడు. అన్నీ నేను సూసేను."

"సిన్నమ్మలప్పా!" అన్నాడు ఒక పెద్ద.

ఎస్సై కలం ఆపాడు. "ఆలోచించుకోండమ్మా. ఇది రాస్తే మీ అబ్బాయి జైలుకెళ్తాడు. ఇక్కడితో ఆపేద్దామా?"

"వద్దు బాబూ." ఆమె గొంతు పెరగలేదు. "మజ్జిలో ఆపకూడదు. మొదలెట్టినాక పూర్తిగా తీసీయాల. లేపోతే మళ్ళీ ఇంటిమీదే పడతాది."

ఎస్సై కలం మళ్ళీ కదిలింది. రాసింది చదివి వినిపించాక చిన్నమ్మలు బొటనవేలు సిరాలో అద్ది, నొక్కి పెట్టింది. నల్లటి వేలిని చీరకి తుడవబోయి ఆగింది. చేతిని దూరంగా, గాల్లో పట్టుకుని కొండమ్మ వైపు తిరిగింది.

"కుళాయి ఏ పక్కనున్నాదమ్మా?"